ఇటు కలగంటి: ఆ పాదంలో "కంటి"నా, "కొంటి"నా?

నత్సుమె సోసెకి 1908లో రాసిన పది రాత్రుల కలలు మళ్లీ చదువుతున్నాను. మొదటి రాత్రి "కొన్న యుమె ఒ మిత" అని మొదలవుతుంది. ఇలాంటి కల చూశాను అని. జపనీయులు కలను చూస్తారు. దీన్ని తెలుగులో అనుకుంటుంటే సరిగ్గా ఇలాగే ఉండే మన పాదం ఏదో నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, రెండు రోజులైంది. ఎవరికైనా తడుతుందా? ఈ తీరు సినిమాలు తెలిసినా చెప్పండి.

జవాబు: అన్నమయ్యే కదండీ. "ఇప్పుడిటు కలగంటి". ఈ "ఇటు" దిక్కు కాదు, ఇలా అని. కొన్నకి ఇటు, యుమెకి కల, మితకి కంటి. మాటకి మాట సరిపోయింది!

జవాబు: సినిమా అయితే కురొసావా 1990లో తీసిన కలలు. ఎనిమిది కలలు, ప్రతిదానికీ ముందు ఈ వాక్యమే తెర మీద పడుతుంది. మొదటిదాంట్లో ఎండలో వాన పడుతుంటే పిల్లవాడు అడవిలోకి వెళ్లి నక్కల పెళ్లి ఊరేగింపు చూస్తాడు. ఎండావానా వస్తే కుక్కకీ నక్కకీ పెళ్లి అని అరుస్తూ పెరిగినవాణ్ని, ఆ సీన్‌లో ఒళ్లు జలదరించింది.

జవాబు: సోసెకి పది రాత్రులనీ అలా మొదలుపెట్టలేదు, అది గమనించాలి. ఒకటి, రెండు, మూడు, అయిదు అంతే. తెలుగులో మాత్రం "ఇలాంటి కల వచ్చింది" అనాలి. "కల కన్నాను" అంటే ఇప్పుడు ఆశపడ్డాను అనే అర్థం వచ్చేస్తోంది.

జవాబు: వచ్చింది అంటే చూసినవాడు పోతాడు మాస్టారూ. మూడో రాత్రి గుడ్డి పిల్లవాణ్ని వీపున మోస్తూ చీకట్లో నడిచేది "నేను", వాడు రాతి బొమ్మంత బరువెక్కేది నా వీపు మీదే. కలగన్నాను అనే ఉండాలి, అందులో "గ" పోకూడదు. కలను కంటి, కలఁ గంటి. ద్రుతం, అంటే "కలను" చివరి నకారం, దాని వల్ల పరుషం "క" సరళం "గ" అయింది. "వేంకటాద్రీశుఁ గంటి"లో గకారమూ అదే. అంటే కల ఇక్కడ కర్మ, నేను చూసిన వస్తువు. జపనీస్‌లో ఆ "ఒ" చేసే పని మనకి ఈ ఒక్క గకారం చేస్తోంది.

జవాబు: బాగా పట్టారు. మరి చరణం చివర? "చతురాస్యుఁ బొడగంటి చయ్యన మేలుకంటి". అక్కడ క అలాగే ఉంది.

జవాబు: అది మేలుకొంటి అండీ. మా అమ్మ అలాగే పాడేది.

జవాబు: మేలుకంటే! వరసగా గంటి, గంటి అని కట్టుకొచ్చి చివర్లో కొంటి అంటే ఆ నడక విరిగిపోదూ? నా ఊహ ఒకటి చెబుతాను. ఆయనకి కల ఒక చూపు, మెలకువ కూడా ఒక చూపే. చయ్యన, గ్రక్కన, అంతట అని మూడు చరణాల్లోనూ కల తెగేచోట మాట మారుస్తాడు గాని క్రియ మార్చడు. సోసెకి మొదటి రాత్రి కూడా అంతే. నూరేళ్లు ఆగమని చెప్పి చనిపోయిన మనిషి కోసం సమాధి దగ్గర కూర్చుని ఎర్రటి సూర్యుళ్లని లెక్కపెడుతూ ఉంటాడు, లిల్లీ పువ్వు విచ్చుకున్నాక నూరేళ్లూ అప్పటికే వచ్చేశాయని తెలుస్తుంది.

జవాబు: సినిమాల సంగతి మరిచారు. సోసెకి శిష్యుడు ఉచిదా హ్యక్కెన్ కథల ఆధారంగా సుజుకి సెయిజున్ 1980లో త్సిగోయ్‌నర్‌వైజెన్ తీశాడు. బతికున్నవాళ్లెవరో పోయినవాళ్లెవరో తేలదు. ముందు అది చూడండి. ఆ హ్యక్కెన్ మీదే కురొసావా 1993లో తన చివరి సినిమా తీశాడు.

ప్రశ్న వేసింది నేనే: సుజుకి సినిమా రాత్రికే చూస్తాను. అన్నమయ్య పాదం అందంగా సరిపోయింది, కాని నాకు తట్టనిది అది కాదేమో. నా చెవిలో ఉన్నది వచనం, ముందు "ఇప్పుడు" లేదు.

జవాబు: అది దొరికేలోపు ఇంకొకటి. మూడో చరణంలో "తిరువేంకటాచలాధిపునిఁ జూడగఁ గంటి" అని ఉంది. చూడటం, కనడం రెండూ పక్కపక్కనే వేశాడు. అవి ఒకటే అయితే రెండెందుకు? వేరైతే, సోసెకి "మిత" ఆ రెండింటిలో ఏది?