సరళీ స్వరాల దగ్గరే పిల్లలు విసుగు చెందుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: ఎనిమిదేళ్ల పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. సరళీ స్వరాలు (తొలి స్వర అభ్యాసాలు) మూడో కాలానికి, అంటే మూడో వేగానికి, వచ్చేసరికి వారి శ్రద్ధ సడలిపోతోంది. పాఠక్రమం చెడకుండా ఆసక్తి నిలిపే మార్గాలు దయచేసి తెలుపగలరు.

జవాబు: క్రమాన్ని మార్చకండి. ఈ స్వరాలు పాడే రాగం, 15వ మేళకర్త (జనక రాగం) అయిన మాయామాళవగౌళలో పూర్వాంగం (సరిగమ), ఉత్తరాంగం (పదనిస) ఒకే అంతరాలతో నడుస్తాయి కనుక, సరిగమ పట్టుబడిన పిల్లవాడికి పదనిస సులువుగా అందుతుంది. ఆ పోలికను వారే కనిపెట్టేలా రెండు భాగాలనూ విడివిడిగా పాడించండి.

జవాబు: ఒక జట్టు ఆదితాళపు 8 అక్షరాలు వేస్తుండగా మరో జట్టు చేత పాడించి, తరువాత తారుమారు చేస్తాను. గది హోరెత్తుతుంది, భరించాలి! మలహరి రాగంలోని గీతాలకు (తొలి చిన్న పాటలకు) వచ్చాక నిషాదం (ని) ఎక్కడ మాయమైందో వెతకమంటాను.

జవాబు: మీ సొంత అధ్యయనానికి, సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ చూడండి, గమకాలకు (స్వరాన్ని ఊపి పలికే తీరులకు) విడివిడి గుర్తులున్నాయి.