సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్: డీవీడీ డ్రైవ్ లేకపోతే ఇబ్బందా?

వెన్నెలదారి:
సెకండ్ హ్యాండ్‌లో ల్యాప్‌టాప్ చూస్తున్నానండి. నచ్చినవన్నీ సన్నవి, ఒక్కదానికీ డీవీడీ డ్రైవ్ లేదు. ఇంట్లో పెట్టెడు డీవీడీలున్నాయి, అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ నుంచి ఎక్కించినది కూడా. బయట పెట్టుకునే డ్రైవ్ కొంటే సరిపోతుందా, డ్రైవ్ ఉన్న మోడలే వెతకాలా? బ్యాటరీ ఎలా చూడాలో కూడా చెప్పండి.

పెన్‌డ్రైవ్‌రాజు:
2008లో మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌కే డ్రైవ్ లేదు, ఇంకా దాని గురించి ఆలోచనేంటండీ. విండోస్ వేసుకోడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అసలు చూడాల్సింది ప్రాసెసర్. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. డ్రైవ్ ఉన్నదే కావాలని పట్టుబడితే ఎక్కువగా అంతకంటే పాతవే తగుల్తాయి.

స్క్రూడ్రైవర్:
నేను రిపేర్ లైన్‌లోనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. బయటి డ్రైవ్ కొనండి కానీ పోర్ట్ చూసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు చాలా డ్రైవ్‌లు అంతకంటే ఎక్కువ లాగుతాయి, అందుకే కొన్నిటికి రెండు పోర్టుల్లో పెట్టుకునేలా రెండు యూఎస్‌బీ పిన్నులున్న కేబుల్ ఇస్తారు. జనం ఒకటే గుచ్చుతారు, టక్ టక్ అని ఆగిపోగానే డ్రైవ్ పోయిందని పారేస్తారు. మంచి డ్రైవ్‌లు చెత్తలోకి పోతుంటే చూడలేకపోతున్నా.

నిశాచరి:
ఏదడిగినా పవర్ అనేస్తారు ఈ రిపేర్ వాళ్లు. నాది యూఎస్‌బీ 3.0, 900 ఇస్తుంది, అయినా అదే టక్ టక్. కేబుల్ మార్చమన్నారు మార్చా, ఒక పోర్ట్‌నే నాలుగైదు చేసే హబ్ కొనమన్నారు కొన్నా, చివరికి తేలిందేంటి, డిస్క్ చదివే లెన్స్ పోయింది.

స్క్రూడ్రైవర్:
హబ్‌కి విడిగా అడాప్టర్ ఉందా? లేకపోతే ఆ 900నే అన్ని పోర్టులూ పంచుకోవాలి. అది చెప్పకుండా మొత్తం రిపేర్ వాళ్లని అనడం పద్ధతి కాదు.

నిశాచరి:
హబ్ తీసేసి నేరుగా పెట్టినా అంతే, పక్కింటి వాళ్ల ల్యాప్‌టాప్‌లో పెట్టినా అంతే. చూడకుండానే ఇక్కడ కూర్చుని తేల్చేయడం మీ పద్ధతా?

లైనక్స్‌పిచ్చి:
ఇద్దరూ కాస్త ఆగండి. షాపులో కొన్న సినిమా డిస్క్ ఆడి, ఇంట్లో రాసుకున్నది ఆడకపోతే లెన్సూ కాదు పవరూ కాదు, ముందు డిస్క్‌నే అనుమానించాలి. రాసుకునే డిస్కుల్లో డేటా ఉండేది ఒక రంగు పొరలో, ఎండకీ వేడికీ అది పాడవుతుంది. వెన్నెల గారూ, మీ పెళ్లి డీవీడీ ఊరికే ప్లే చేస్తూ కూర్చోకండి, ముందు ఐఎస్ఓ, అంటే డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా కాపీ, తీసి పెట్టుకోండి. ఒక లేయర్ డిస్క్ అయితే 4.7 జీబీకి మించదు. మొరాయిస్తే లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి, చదవలేని చోటు వదిలేసి మిగతాదంతా లాగేస్తుంది, తర్వాత వెనక్కొచ్చి ఆ ముక్కల మీద మళ్లీ పడుతుంది.

పాతసీడీలు:
దాచేటప్పుడు అందరూ కింద మెరిసే వైపే జాగ్రత్తగా చూస్తారు. సీడీకి అసలు ప్రమాదం పైనుంచి, లేబుల్ కిందే డేటా పొర ఉంటుంది, బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే పోయినట్టే. డీవీడీకి ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి కొంచెం నయం.

కొత్తకీబోర్డ్:
డిస్కుల గొడవ తర్వాత, సెకండ్ హ్యాండ్ అంటేనే నాకు ఒళ్లు మండుతుంది. తెచ్చిన ల్యాప్‌టాప్ రీసెట్ చేసి వైఫై పెట్టగానే ఎవరిదో ఆఫీస్ లాగిన్ అడిగింది, అమ్మినతను ఫోనెత్తడు. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నెట్ రాగానే మళ్లీ అదే స్క్రీన్. అమ్మేవాళ్ల ఎదురుగానే రీసెట్ చేయించి, నెట్ పెట్టించి, డెస్క్‌టాప్ కనిపించాకే డబ్బులివ్వండి. బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో కూడా చూడండి. మ్యాక్ అయితే పాత ఓనర్ తన ఐక్లౌడ్ అకౌంట్ తీసేశాడో లేదో చూడండి.

పెన్‌డ్రైవ్‌రాజు:
ఇది అందరూ రాసిపెట్టుకోవాల్సిన మాట. ర్యామ్ కూడా బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచలేరు, ముందే కనుక్కోండి.

వెన్నెలదారి:
బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదండీ.

లైనక్స్‌పిచ్చి:
విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీయండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000 ఉండి రెండోది 30,000 ఉంటే బ్యాటరీలో 60 శాతమే మిగిలినట్టు, అలాంటిదాన్ని కొత్త బ్యాటరీ ఖర్చు కలుపుకునే బేరమాడండి.

స్క్రూడ్రైవర్:
బ్యాటరీ ఉబ్బితే టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంది, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతుంది. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా ముట్టుకోవద్దు. నిశాచరి గారూ, మీ డ్రైవ్ లెన్స్ మీద దుమ్ముందేమో చూశారా?

నిశాచరి:
చూశా, తుడిచా. కొత్తది కొన్నా, ఒకటే కేబుల్‌తో చక్కగా ఆడుతోంది. వెన్నెల గారూ, విండోస్ 8 నుంచి మీడియా ప్లేయర్‌లో డీవీడీ ఆడదు, వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి.