ఫ్రీ ట్రాన్స్‌ఫర్ అయితే చిన్నప్పటి క్లబ్బుకి ఏం దక్కుతుంది?

లెఫ్ట్‌బ్యాక్:
యూరప్ ఫుట్‌బాల్‌లో ఒక్కో ఆటగాడి మీద కోట్ల యూరోలు పోస్తారు కదా. 13 ఏళ్లప్పుడు అతనికి ఆట నేర్పిన ఊరి క్లబ్బుకి అందులో ఎంత ముడుతుంది? బోస్మాన్ తీర్పు చిన్న క్లబ్బుల నోట్లో మట్టి కొట్టిందని ఒకరంటారు, 5 శాతం ఇస్తూనే ఉన్నారని ఇంకొకరు. ఏది నిజం? లెక్కతో సహా చెప్పండి.

పాతబంతి:
రెండూ నిజమే. 1990లో బెల్జియం క్లబ్ లియెజ్‌తో బోస్మాన్ అనే ఆటగాడి కాంట్రాక్టు ముగిసింది. నెలకు 1,20,000 ఫ్రాంకులున్న జీతాన్ని 30,000కి దించుతామన్నారు. ఫ్రాన్స్‌లోని డంకెర్క్‌కి వెళ్దామంటే, అది డబ్బు కట్టగలదా అన్న అనుమానంతో లియెజ్ కాగితాలు కదలనివ్వలేదు. కాంట్రాక్టు అయిపోయినా మనిషి మాత్రం క్లబ్బు గుప్పిట్లోనే! 1995 డిసెంబర్ 15న యూరప్ కోర్టు దీన్ని కొట్టేసింది: కాంట్రాక్టు ముగిసిన ఈయూ ఆటగాడు మరో సభ్య దేశపు క్లబ్బుకి వెళ్తే పాత క్లబ్బు ట్రాన్స్‌ఫర్ ఫీజు అడగకూడదు. అదే ఫ్రీ ట్రాన్స్‌ఫర్.

మీరన్న 5 శాతం ఫిఫా సాలిడారిటీ వాటా, అంటే ఆటగాణ్ణి పెంచిన క్లబ్బులకిచ్చే భాగం. ఫీజులోంచే కోస్తారు. ఫీజే లేకపోతే వాటా సున్నా, అంతే.

లెక్క ఇది. ఆటగాడికి 12 ఏళ్లు నిండే సంవత్సరం నుంచి 15 నిండే సంవత్సరం దాకా ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. మొత్తం 1 + 4 = 5. కోటి యూరోల ట్రాన్స్‌ఫర్‌లో, ఆ మొదటి నాలుగేళ్లూ ఒకే ఊరి క్లబ్బులో ఉంటే దానికి లక్ష యూరోలు. 16 నుంచి 18 దాకా ఉంచుకున్న క్లబ్బుకి లక్షన్నర. మధ్యలో క్లబ్బు మారితే రోజుల లెక్కన పంచుతారు.

టచ్‌లైన్:
పైన చెప్పింది సరే కానీ, తగాదా వచ్చేది వేరేచోట. 5 శాతం పోగా అమ్మిన క్లబ్బు చేతికి 95 లక్షలే వస్తాయి. అందుకే కొందరు ‘నాకు కోటి నికరంగా రావాలి’ అని రాయించుకుంటారు. అప్పుడు కొనేవాడికి ఖర్చు కోటీ 5 లక్షల 26 వేలు దాటుతుంది (కోటిని 0.95తో భాగించండి). ఆ మాట ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే గొడవే. లోన్ ఫీజు (ఆటగాణ్ణి తాత్కాలికంగా తీసుకున్నందుకు కట్టేది) మీదా, తర్వాత కట్టే బోనస్‌ల మీదా కూడా వాటా ఉంటుంది. చాలామంది ఆ రెండో విడత మర్చిపోతారు.

2022 నవంబర్ నుంచి ఈ డబ్బు పారిస్‌లోని ఫిఫా క్లియరింగ్ హౌస్ (ఈ చెల్లింపులు చూసే సంస్థ) మీదుగా వెళ్తోంది. ముందు ఎలక్ట్రానిక్ ప్లేయర్ పాస్‌పోర్ట్ తయారవుతుంది: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ క్లబ్బు. దాన్ని సరిచూసుకోవడానికి కనీసం 10 రోజులిస్తారు. పేరు లేని క్లబ్బు అప్పుడే ఆధారాలు పెట్టాలి.

లెఫ్ట్‌బ్యాక్:
మరి మన దగ్గర ప్రైవేట్ అకాడమీల పరిస్థితి?

టచ్‌లైన్:
ఫెడరేషన్ పరిధిలోని క్లబ్బుగా ఉండి, కుర్రాణ్ణి ఏఐఎఫ్‌ఎఫ్ (భారత ఫుట్‌బాల్ సమాఖ్య) వారి ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్ఎస్‌లో ఆ ఏడాదే నమోదు చేసి ఉంటేనే లెక్కలోకి వస్తారు. ఫొటోలు, సర్టిఫికెట్లు, టోర్నీ కప్పులు పనికిరావు. నెలనెలా ఫీజు గుంజి, నమోదు మాత్రం ఎగ్గొట్టే అకాడమీ తన కాలికి తానే గొడ్డలి వేసుకున్నట్టు.

పాతబంతి:
ఒక్కటి మిగిలింది. ఫ్రీగా వెళ్లినా, 23 నిండే సంవత్సరం దాకా విదేశీ క్లబ్బు నుంచి శిక్షణ పరిహారం అడిగే దారి వేరే ఉంది. యూరప్‌లో క్లబ్బు స్థాయిని బట్టి ఏడాదికి 10 వేల నుంచి 90 వేల యూరోలు. మహిళల ఫుట్‌బాల్‌కి మాత్రం ఇది వర్తించదు. వాళ్లకు సాలిడారిటీ ఒక్కటే. 2025 జనవరిలో అమెరికా డిఫెండర్ నవోమీ గిర్మా ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లినప్పుడు ఫీజు సుమారు 11 లక్షల డాలర్లు. మహిళల ఆటలో అప్పటికి అది రికార్డు. అందులో 5 శాతమంటే 55 వేలు. ఆమెను పెంచిన క్లబ్బులన్నీ కలిసి పంచుకోవాల్సింది అదే.