క్లాట్‌కి ఇంగ్లీషు పదాల లిస్టు బట్టీ పట్టించాలా, వద్దా?

రాజోలు_నాన్న: మా అమ్మాయి సీనియర్ ఇంటర్, ఈసారి క్లాట్, అదే లా కాలేజీల ప్రవేశ పరీక్ష, రాస్తోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమేనండి. కోచింగ్ వాళ్ళిచ్చిన పదాల పుస్తకం రోజూ రాత్రి నేనే అప్పజెప్పించుకుంటున్నాను. ఇక్కడో మేడం లిస్టులు దండగ అని రాశారు. ఎందుకు దండగో చెప్పమనండి.

గౌతమి_టీచర్: నేనేనండి రాసింది. 2020 నుంచి క్లాట్ అంతా పాసేజీల మీదే. ఇంగ్లీషులో 450 మాటల దాకా ఉన్న పాసేజీ ఇచ్చి, అందులో ఫలానా మాట ఏ అర్థంలో వచ్చిందో అడుగుతారు. లీగల్, జీకే కూడా పాసేజీలే. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. చదివే వేగం లేకపోతే ఎన్ని పదాలొచ్చినా పేపరు పూర్తవదు.

కాకినాడ_లా: పాత పేపర్లలో నేరుగా అర్థాలు అడిగారుగా?

గౌతమి_టీచర్: 2020కి ముందండీ అది. మారిందనే నేను చెబుతున్నది.

కాకినాడ_లా: అడిగారా లేదా అన్నదే నా ప్రశ్న.

రాజోలు_నాన్న: మారితే మారింది, పాసేజీలో ఉండేవి మాటలే కదా మేడం! మా పిల్ల చదివిన బళ్ళో ఇంగ్లీషు మాస్టారి పోస్టు ఖాళీ. లెక్కల మాస్టారే గైడు చూసి నెట్టుకొచ్చారు. ఇంటికి ఇంగ్లీషు పేపరొచ్చే వాళ్ళకి లిస్టుతో పనిలేదు. మా పిల్లకి అదొక్కటే ఆధారం.

పాలకొల్లు_అమ్మ: మరేనండి. మావాడిదీ అదే పరిస్థితి.

గౌతమి_టీచర్: నా దగ్గరకొచ్చే ఒకమ్మాయి నోట్సు చూశాను. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, మధ్యలో ఎర్రసిరా గీత. ఎక్కడ అడిగినా గడగడా చెప్పేసింది. సుప్రీంకోర్టు తీర్పు మీద ఓ వ్యాసం చేతికిస్తే, రాసినాయన ఆ తీర్పును మెచ్చుకుంటున్నాడో తప్పుపడుతున్నాడో చెప్పలేకపోయింది. మాటలన్నీ తెలిసినవే! పొద్దున తెలుగు పేపర్లో చదివిన వార్తనే సాయంత్రం ఇంగ్లీషులో చదివించండి, ఫోన్లో ఊరికే దొరుకుతుంది. సంగతి ముందే తెలుసు గనక కొత్త మాట దానంతటదే పట్టుబడుతుంది. దాన్ని వాక్యంతో సహా రాసుకోమనండి.

రాజోలు_నాన్న: ఎన్నాళ్ళకి వస్తుంది అలా?

గౌతమి_టీచర్: ఏడాది పైనే పడుతుంది. ఈసారి రాకపోతే వచ్చే ఏడు రాయొచ్చు. వయసు పరిమితి కూడా లేదు.

రాజోలు_నాన్న: వచ్చే ఏడా! ఎంత తేలిగ్గా అనేశారండీ. కొబ్బరి దింపు డబ్బు మొత్తం కోచింగ్‌కే పోయింది. మా అమ్మ, బావమరుదులు అప్పుడే సంబంధాలు తెస్తున్నారు. డిసెంబరు పరీక్షలో సీటొస్తే వాళ్ళకి అడ్డం తిరిగి నిలబడతాను. రాకపోతే నా మాట ఎవరు వింటారు?

పాలకొల్లు_అమ్మ: అన్నయ్యగారూ, పిల్లేమంటోంది?

రాజోలు_నాన్న: చదువుతానంటోందమ్మా. అందుకేగా ఈ తాపత్రయం.

గౌతమి_టీచర్: ఇదండీ ముందు చెప్పాల్సింది. మీకు కావలసింది ఇంకో ఏడాది గడువు. దాన్ని ఏ పదాల పుస్తకమూ ఇవ్వలేదు. ఇంట్లో మీరే అడగాలి, అదీ ఫలితాలు రాకముందే.

రాజోలు_నాన్న: మా ఇంటి సంగతి మీకు తెలియదు మేడం. వార్తలు రేపట్నుంచే చదివిస్తాను. లిస్టు మాత్రం ఆపను.