అప్‌డేట్: స్ట్రాటన్ డేటాలో దాక్కున్న నది పాయ దొరికింది

దక్షిణ టెక్సాస్‌లోని స్ట్రాటన్ చమురు, గ్యాస్ క్షేత్రపు త్రీడీ సైస్మిక్ డేటాలో (భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులతో తీసిన చిత్రంలో), బావి లాగ్‌లు (బావి లోతు పొడవునా తీసిన రాతి కొలతలు) చూపిస్తున్న ఫ్రియో అనే రాతి పొరల్లోని ఇసుకరాయి పాయ, అంటే పూడిపోయిన పాత నది జాడ, మ్యాపులో ఎందుకు కనబడడం లేదని లోగడ ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తప్పు నాదే. నేను ఒకే ప్రతిధ్వని సమయం దగ్గర సమతలంగా కోసిన టైమ్ స్లైస్‌లు చూస్తూ కూర్చున్నాను. పొరలు కొద్దిగా వాలి ఉన్నా ఆ కోత వేర్వేరు కాలాల నిక్షేపాలను దాటుకుంటూ పోతుంది. పాయ ముక్కలుముక్కలై కనబడుతుంది, లేదా అసలు కనబడదు. మీలో ఒకరు చెప్పినట్లు, పైనా కిందా నమ్మదగిన రెండు హొరైజన్‌లు (రాతి పొరల హద్దులు) గుర్తించి, వాటి మధ్య విరామాన్ని సమాన నిష్పత్తిలో పంచి స్ట్రాటల్ స్లైస్‌లు (పొరల వాలును అనుసరించే కోతలు) తీశాను. మూడోదాంట్లోనే వంపులు తిరిగిన పాయ బయటపడింది! దాని అంచులు స్పెక్ట్రల్ డీకంపోజిషన్‌లో (డేటాను పౌనఃపున్యాలవారీగా విడదీసి చూసినప్పుడు) ఇంకా తేటపడ్డాయి.

మందం సంగతి వేరు. తరంగ వేగం సెకనుకు 3000 మీటర్లు, ప్రధాన పౌనఃపున్యం 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్ల కంటే పలుచని ఇసుక పైభాగమూ అడుగుభాగమూ విడిగా తెలియవు. ఆంప్లిట్యూడ్ (ప్రతిధ్వని బలం) మార్పు మాత్రం తెలుస్తుంది. అందుకే ఆకారం సైస్మిక్ నుంచి, మందం లాగ్‌ల నుంచి తీసుకున్నాను.

నాయిస్ ఫిల్టర్ల మీద పెట్టిన వారం రోజులు వృథా. పక్కపక్క సంకేతాల పోలికను కొలిచే కోహెరెన్స్ కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. బావి లాగ్‌లను సైస్మిక్ సమయంతో సరిపోల్చడానికి వీఎస్‌పీ (బావిలోకి రిసీవర్లు దించి తీసే సైస్మిక్ కొలత) రికార్డు వాడమన్న సలహా మాత్రం ముందే విని ఉండాల్సింది.