గిరిగీసుకోవడం: ఎవరి చుట్టూ, దేని చుట్టూ?

‘అతను గిరిగీసుకొని కూర్చున్నాడు’ అన్నామంటే అది మెచ్చుకోలు కాదు. ఎవరితోనూ కలవడనే ఫిర్యాదు అందులో ఉంటుంది. ఈ నుడికారాన్ని మంచి అర్థంలోనూ వాడుకోవాలని నా కోరిక.

ఈ ఆలోచన ఫ్రీమేసన్ల చిహ్నం వల్ల వచ్చింది. కింద మూలమట్టం, పైన కాళ్లు చాచిన వృత్తలేఖిని. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి వారి మందిరమే. రాతిపనివారి పనిముట్లను నడవడికకు గుర్తులుగా తీసుకున్న సంఘం అది. మూలమట్టం నడత సవ్యంగా ఉందా అని అడుగుతుంది, తూకం గుండు నిటారుగా నిలబడమంటుంది, రసమట్టం అందరూ సమానమంటుంది. నాకు బాగా నచ్చింది వృత్తలేఖిని: నీ కోరికల చుట్టూ గీత గీసుకో, దాటకు అంటుంది.

గమనించండి, ఆ గీత మనుషులకు అడ్డంగా గీసింది కాదు. పెళ్లి ఖర్చు లెక్క వేసేటప్పుడు మండపానికి ఇంత, భోజనాలకు ఇంత అని ముందే రాసుకున్న ఇల్లు, చివరి వారంలో ఎవరో డ్రోన్ కెమెరా ప్రస్తావన తెచ్చినా తడబడదు. ‘ఖర్చుకు గిరి గీసుకున్నాం’ అని నిబ్బరంగా చెప్పగలదు. వారి మరో పనిముట్టు 24 అంగుళాల కొలబద్ద. అమెరికాలోని వారి లాడ్జీల (అంటే స్థానిక శాఖల) పాఠంలో అది రోజులోని 24 గంటలకు గుర్తు: 8 గంటలు వృత్తికి, 8 విశ్రాంతికి, మిగిలిన 8 దైవసేవకూ ఆపదలో ఉన్న సోదరుడికీ. పనికీ ఫోనుకూ గిరి గీసుకున్నవాడికే పక్కింటివారిని ఆసుపత్రికి తీసుకెళ్లే తీరిక దొరుకుతుంది.

మన చర్చలో ఒక సభ్యుడు: దీనికి ‘లక్ష్మణరేఖ’ ఉంది కదండీ, కొత్త వాడుక ఎందుకు?

ఆ రేఖ సీతమ్మ గీసుకున్నది కాదండీ, మరిది గీసినది. వాల్మీకంలో ఆ ఘట్టమే లేదు. ఇంకొకరు గీసిన గీతకు పాత ఉదాహరణ మరొకటి ఉంది. తెలుగు తీరంలోని మోటుపల్లి గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలోయే తమిళ తీరంలోని ఒక ఆచారాన్నీ వర్ణించాడు. ఎన్నిసార్లు అడిగినా బాకీ తీర్చనివాడి చుట్టూ అప్పిచ్చినవాడు గిరి గీస్తాడు. బాకీ తీర్చకుండా, హామీ ఇవ్వకుండా దాటితే మరణశిక్షే. గుర్రం మీద ఉన్న రాజు చుట్టూ ఒక విదేశీ వర్తకుడు గీత గీస్తే, సొమ్ము చేతికి అందేదాకా రాజు కదలలేదట. ఆ గిరి గీసినది, ఇది గీసుకున్నది. ‘కొను’ చేరడంతో పని తన కోసం తాను చేసుకున్నదవుతుంది. ఆ ఒక్క ప్రత్యయం కోసమే నాకీ మాట కావాలి.

మన చర్చలో ఒక సభ్యురాలు: ఆ ఫ్రీమేసన్ల సంఘమే గిరిగీసుకున్నది కాదా? ఆడవారిని రానివ్వరు కదా!

నిజమేనండీ, మీ ఆక్షేపణ సరైనదే. లండనులో 1723లో అచ్చయిన వారి నియమావళి స్త్రీలనూ బానిసలనూ చేర్చుకోకూడదని చెప్పింది. భారత గ్రాండ్ లాడ్జి ఇప్పటికీ పురుషులదే. రసమట్టాన్ని సమానత్వానికి గుర్తుగా పెట్టుకున్నవారు గుమ్మం దగ్గర దాన్ని వాడలేదు. కోరికల చుట్టూ గీయాల్సిన గీతను మనుషులకు అడ్డంగా గీశారు. మన నుడికారం తప్పుపట్టేది సరిగ్గా దాన్నే. అయినా వృత్తలేఖిని చెప్పే మాటను నేను వదులుకోను, అది లాడ్జి గోడల మధ్యే ఉండాల్సిన మాట కాదు.

‘ఖర్చుకు గిరి గీసుకున్నాం’, ‘కోపానికి గిరి గీసుకున్నాను’ వంటి ప్రయోగాలు మీ ఇళ్లలో వినిపిస్తాయా? పెద్దవాళ్ల నోట విన్న వాక్యం ఉంటే, ఏ సందర్భంలో అన్నారో కూడా కలిపి రాయండి.