ఈ వారం సమస్య: ‘ఎలుక తోలు దాల్చి యేలె రాజు’

నిర్వాహకుడు, సీతమ్మధార: పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, ఆదివారం రాత్రి దాకా గడువు. క్రమాలంకారంతో (పాదాన్ని ముక్కలు చేసి, పై ప్రశ్నలకు వరుసగా జవాబులు చేసేయడం) తప్పించుకోకండి. ముఖ్యంగా కంచరపాలెం మాస్టారు!

కంచరపాలెం మాస్టారు:
బొజ్జదేవుడెక్కి పోవునదేదయా?
హరుడు తిరుగు నెట్టు లడవులందు?
పూర్వమందు నెవరు పుడమిని బాలించె?
ఎలుక, తోలు దాల్చి, యేలె రాజు.

వాల్తేరు శారద: వద్దన్నదే చేశారు మాస్టారూ! అయినా మొదటి పాదం హాయిగా ఉంది. నా పూరణ:

చలికి తెల్లనైన జంతువు పేరుకు
మూలమర్మెనీయ మూషికమ్ము;
పాలవన్నె బొచ్చు పట్టమందిన వేళ
ఎలుక తోలు దాల్చి యేలె రాజు.

మాస్టారు: పట్టం ఎవరికమ్మా, రాజుకా, బొచ్చుకా? అన్వయం జారింది. పైగా మీరు చెప్పే ఎర్మిన్ ఎలుకే కాదు, ఎలుకల్నీ కుందేళ్లనీ వేటాడి తినే జంతువు.

శారద: అందుకే ‘పేరుకు’ అన్నాను. లాటిన్‌లో ‘అర్మేనియస్ మూస్’, అంటే అర్మేనియా ఎలుక. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు ‘ఎర్మిన్’ అయిందని చెబుతారు. లిన్నేయస్ 1758లో పెట్టిన ‘మస్టెలా ఎర్మీనియా’లోనూ ఆ మాటే ఉంది. ఎండాకాలం గోధుమరంగులో ఉన్నప్పుడు స్టోట్ అంటారు, చలికి తెల్లబడితే ఎర్మిన్. తోక కొస మాత్రం ఎప్పుడూ నలుపే. మన కె.జి.హెచ్.కి (కింగ్ జార్జి ఆసుపత్రికి) పేరైన ఐదో జార్జి 1911 పట్టాభిషేకపు దుస్తుల బొమ్మ చూడండి. తెల్లటి బొచ్చు మీద కనిపించే నల్ల చుక్కలు ఆ తోక కొసలే.

భీమిలి కుర్రాడు: మన ఉక్కపోతలో పుడితే జన్మంతా గోధుమరంగే అక్కా! చలి తక్కువ ఉన్నచోట అది తెల్లబడదట.

నిర్వాహకుడు: శారద గారూ, మూడో పాదం ‘పాలవన్నె బొచ్చు పట్టపు వస్త్రమై’ అంటే మాస్టారి అభ్యంతరం తీరిపోతుంది. నేను పాదమిచ్చేటప్పుడు ఇంత దూరం ఆలోచించలేదు. ఈ వారం ఇదే మేలైన పూరణ.

మాస్టారు: తోడేలు పేరున్నా గొర్రె గొర్రేగా? ఉత్త పేరుతో సమస్య తీరిపోతే, మొన్న చందనోత్సవం సమస్యలో నా పూరణ ఎందుకు పక్కన పెట్టారు?

శారద: అక్కడ గొడవ పేరుతో కాదు, యతితో, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరంతో. ‘చ’కి ‘ట’ వేశారు.

మాస్టారు: నేను ‘జ’ అనే కొట్టాను. ఫోను మార్చేసింది.

భీమిలి కుర్రాడు: మూడు పాదాల్లోనూనా మాస్టారూ?